బీమా కాగితంలోని మాటలు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మాట్లాడిన పాఠం)



అప్పు తీసుకునేటప్పుడు బర్రె కోసమని, పిల్లల ఫీజు కోసమని రాస్తం. కిస్తీలు ఆగేది మాత్రం ఎక్కువగా దవాఖాన ఖర్చు దగ్గరనే. అందుకే ఈ ఏడాది మా నెల మీటింగుల్లో బీమా కాగితాలు ముందర పెట్టుకొని చదివినం.

ఆరోగ్యశ్రీ మనకు కొత్త కాదు, 2007 నుంచి ఉన్నదే. మన తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు ఇస్తున్నరు. దీనికి మనం ప్రీమియం, అంటే ఏటేటా కట్టే పైసలు, కట్టేది లేదు. కానీ జాబితాలో ఉన్న జబ్బుకు, జాబితాలో ఉన్న దవాఖానలోనే పనికొస్తుంది. చాలామంది బిల్లు కట్టినంక ఆరోగ్యమిత్రను వెతుకుతరు. లోపలికి పోంగనే అడగాలె.

ప్రైవేటు పాలసీల దగ్గరనే చిక్కు. మా ఊరి అక్క ఒకామె భర్తకు ముందు నుంచే షుగరు ఉంది. ఏజెంటు ఫారం తనే నింపి, జబ్బులేవీ లేవని రాసి సంతకం పెట్టించుకున్నడు. రెండేండ్లు ప్రీమియం కట్టినంక ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ముందున్న జబ్బు దాచిండ్రని కంపెనీ క్లెయిము కొట్టేసింది. అక్క రెండు బర్రెలు అమ్మింది. నాలుగు నెలలు ఆమె కిస్తీ మిగతా తొమ్మిదిమందిమి మోసినం. ఏజెంటు మాత్రం ఫోను ఎత్తడు.

ఉన్నది ఉన్నట్టు రాస్తే ప్రీమియం కొంత పెరిగేదేమో. ముందున్న జబ్బులకు కొంతకాలం ఆగాలె, దాన్నే వెయిటింగ్ పీరియడ్ అంటరు. అది మూడేండ్లు మించొద్దని 2024లో బీమా నియంత్రణ సంస్థ నియమం పెట్టింది. పాలసీ చేతికొచ్చిన 30 రోజుల్లోపు చదువుకొని, నచ్చకపోతే వాపసు ఇయ్యొచ్చు కూడా.

రూము కిరాయి పరిమితి అనే మాట మాకు అందరికన్నా ఆలస్యంగా అర్థమైంది. 3 లక్షల పాలసీలో రోజుకు ఒక శాతం అని ఉంటే 3,000 రూపాయల రూమే. మనం 6,000 రూములో చేరితే రూము పైసలే కాదు, డాక్టరు ఫీజు, ఆపరేషను ఖర్చు కూడా సగమే ఇయ్యొచ్చు. మందులకు ఈ కోత ఉండదు. కో-పే 20 శాతం అని ఉంటే 50,000 బిల్లులో 10,000 మనమే కట్టాలె.

ఆయుర్వేదం, హోమియో, యునానీ, ప్రకృతి వైద్యం వంటివి ఆయుష్ కిందికి వస్తయి. ఆయుష్ వైద్యాన్ని ఇంగ్లీషు వైద్యంతో సమానంగా చూడాలని 2024 ఏప్రిల్ నుంచి కంపెనీలకు నియమం ఉంది. అయితే మామూలుగా గుర్తింపు ఉన్న దవాఖానలో చేరి వైద్యం చేయించుకుంటేనే పైసలు వస్తయి. ఊరికే తెచ్చుకున్న చూర్ణానికి, గోలీలకు రావు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆయుర్వేద దవాఖాన, రామంతాపూర్ హోమియో దవాఖాన, చార్మినార్ దగ్గర నిజామియా యునానీ దవాఖాన సర్కారువే. కామెర్లకు పసరు పోసేటాయన ఆయుష్ డాక్టరు కాదు. ఆయన దగ్గర రశీదూ ఉండదు, క్లెయిమూ ఉండదు. పసరు తాగి వారం రోజులు ఆలస్యం చేసుడు మాకైతే అసలే నచ్చదు.

క్లెయిము కొట్టేస్తే ఊకోవద్దు. ముందు కంపెనీకి రాతలో ఫిర్యాదు ఇయ్యాలె. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఆ అక్క ఫారం నకలు, షుగరు చీటీలు, ఏజెంటుకు పైసలు పంపిన రశీదులు జతచేసి మేము అక్కడికే పంపినం. జవాబు ఇంకా రాలేదు.

పాలసీలు ఉన్న అక్కలు వచ్చే నెల మీటింగుకు కాగితాలు తీసుకొని రాండి. సంతకం పెట్టిన ఫారం నకలు కంపెనీని అడిగి మరీ తెండి.