ప్రకటనలో చూడవలసిన సంఖ్య

మన తగరపువలసకు చేరువనున్న భీమునిపట్నం రేవునుండి ఒకనాడు కూలీలు పొట్ట చేతబట్టుకొని బర్మాకు ఓడ ఎక్కెడివారు. ఆనాడు మేస్త్రీ నోటిమాటయే ప్రకటన; అతడిచ్చిన అడ్వాన్సే సంకెల.

తరువాత చట్టం వచ్చినది. 1983 నాటి విదేశీ వలసల చట్టం ప్రకారం నమోదుకాని ఏజెంటు పరదేశపు కొలువులకు మనుషులను కుదర్చరాదు. నమోదైనవాడు తన లైసెన్సు సంఖ్యను ప్రకటనలలో చూపవలెను. అతని రుసుము 30,000 రూపాయలను, దానిపై జి.ఎస్.టి.ని మించరాదు.

అయినను 2024లో ఏమి జరిగినది? సింగపూరులో ఉద్యోగమని నమ్మించి విశాఖ యువకులను కంబోడియాకు తరలించి, వారిచేత బలవంతాన సైబరు మోసాలు చేయించిన ఉదంతం పోలీసుల విచారణలో బయల్పడినది.

కావున ప్రకటనలో జీతం చూచుటకు ముందు ఆ సంఖ్యను చూడండి; ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాతో సరిపోల్చండి. సంఖ్య లేనిచోట ఒక్క రూపాయి చెల్లించకండి.