ముందు టైమింగ్, తర్వాతే కార్బరేటర్

(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బడిపంతులు కనుక మేము చదువు గురించి చెబుతామని మీరు అనుకుని ఉంటారు. చదువు గురించే చెబుతాం. కాకపోతే ఈసారి కారు బానెట్ ఎత్తి చెబుతాం.

మన సంఘానికి ఒక దాత ఇచ్చిన పాత అంబాసిడర్ ఉన్నది. అనకాపల్లి నుంచి రోగులను విశాఖపట్నం పెద్దాసుపత్రికి చేర్చడానికి దానినే వాడుతున్నాం. నిరుడు వానాకాలంలో ఒక రాత్రి నిండు గర్భిణిని ఎక్కించుకుని బయలుదేరితే, ఊరు దాటకముందే బండి మూడుసార్లు ఆగిపోయింది. చివరకు ఆటో పిలిచి పంపాం. తల్లీబిడ్డా క్షేమం, అల్‌హమ్దులిల్లాహ్. కాని ఆ తప్పు బండిది కాదు, మాది. ఆగినప్పుడల్లా కార్బరేటర్ స్క్రూ కొంచెం తిప్పి స్లో పెంచుతూ రెండు నెలలు నెట్టుకొచ్చింది మేమే.

మర్నాడు షెడ్డులో బండి చూసిన కుర్రవాడు ఒకప్పుడు మా విద్యార్థి. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. హాజరుపట్టీలో అతని పేరు కొట్టేసింది మా చేతులే. అతను కార్బరేటర్ జోలికి పోలేదు. "సార్, ముందు పాయింట్లు, తర్వాత టైమింగ్, ఆఖర్న కార్బరేటర్. మీరు తలకిందులుగా చేశారు" అన్నాడు.

హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 2014 దాకా అంబాసిడర్లు తయారుచేశారు. మన బండిది 1489 సీసీ పెట్రోలు ఇంజిన్. నాలుగు సిలిండర్లు 1-3-4-2 వరుసలో మండుతాయి. ఏ క్షణాన నిప్పురవ్వ పడాలో చెప్పడానికి అందులో కంప్యూటర్ లేదు. డిస్ట్రిబ్యూటర్‌ను చేత్తో తిప్పి మనమే నిర్ణయించాలి.

పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ఒక్కసారిగా మండిపోదు. మంట వ్యాపించడానికి కాస్త సమయం కావాలి. అందుకే పిస్టన్ పైకొసకు చేరడానికి కొంచెం ముందే రవ్వ పడాలి. ఉయ్యాల ఊపే తల్లిని చూడండి. ఇంకా వెనక్కి వస్తుండగానే నెడితే చేతికి దెబ్బ, దాటిపోయాక నెడితే శ్రమ దండగ. రవ్వ మరీ ముందు పడితే ఇంజిన్ టకటకా కొట్టుకుంటుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. ఆలస్యమైతే పికప్ ఉండదు, వేడెక్కుతుంది, పెట్రోలు తాగుతుంది, స్లోలో నిలబడదు.

మన బండికి పట్టిన జబ్బు రెండోది. పాయింట్ల మడమ అరిగి, సందు తగ్గి, రవ్వ ఆలస్యమైంది. మేము దాన్ని స్క్రూతో కప్పిపుచ్చాం.

అతను చేసిన పని వరుసగా చెబుతాం. ఫీలర్ గేజ్‌తో పాయింట్ల సందు 0.4 మిల్లీమీటర్‌కు తెచ్చాడు. ఒకటో సిలిండర్ కంప్రెషన్‌లో ఉండగా, పుల్లీ మీది గాటును కంపెనీ పుస్తకం చెప్పిన డిగ్రీ గుర్తుకు ఎదురుగా నిలిపాడు. 12 వోల్టుల బల్బు తీగ ఒకటి డిస్ట్రిబ్యూటర్‌కు వచ్చే సన్నతీగ బిగింపు దగ్గర, రెండోది ఇంజిన్ బాడీకి తగిలించి తాళంచెవి తిప్పాడు. క్లాంపు వదులుచేసి, డిస్ట్రిబ్యూటర్‌ను రోటర్ తిరిగే వైపు తిప్పితే బల్బు ఆరింది. మెల్లగా ఎదురువైపు తిప్పాడు. వెలిగిన క్షణమే పాయింట్లు విడిపడిన క్షణం. అక్కడే బిగించి, తాళం ఆపేశాడు.

ఆ తర్వాతే కార్బరేటర్. ఇంజిన్ బాగా వేడెక్కాలి, చోక్ పూర్తిగా లోపలికి నెట్టి ఉండాలి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉండాలి. మనదానికి రెండు స్క్రూలు. ఒకటి వేగానికి, రెండోది మిశ్రమానికి. వేగం కాస్త పెంచి, మిశ్రమం స్క్రూను పావు చుట్టు చొప్పున బయటికి తిప్పాడు. ఇంజిన్ తడబడగానే, నున్నగా నడిచేవరకు మళ్లీ లోపలికి తిప్పాడు. చివరికి వేగం తగ్గించాడు. ఇదంతా ఆరుబయటే చేయాలి. మూసిన షెడ్డులో పొగ ప్రాణం తీస్తుంది.

బండి ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు. కాని మా మనసు ఒకచోట ఆగింది. "రవ్వ ముందే ఎందుకు పడాలి?" అని అడిగితే అతను, "ఉస్తాద్ అలా చెప్పారు సార్" అన్నాడు. కంపెనీ పుస్తకం ఇంగ్లీషులో ఉంది, డిగ్రీ ఎంతో మేము చదివి చెప్పాం. స్లో సరిచేయడం అతను మాకు నేర్పాడు. మేము ఉయ్యాల బొమ్మ గీసి చూపించాం.

మన ఊళ్లో బెల్లం వండేవారు ఎంత అనుభవమున్నా పాకం చుక్క నీళ్లలో వేసి చూసుకుంటారు. చేతి అలవాటుకు పరీక్ష తోడుండాలి. మన పిల్లల చేతుల్లో పనితనం ఉంది, చెవిలో ఇంజిన్ చప్పుడు ఉంది. కారణం తెలియజెప్పే చదువు మాత్రం మధ్యలో తెగిపోయింది.

ఇది నేడు తిండికి సంబంధించిన విషయం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త మోటారు సైకిళ్లలో చాలావాటికి కార్బరేటరే పోయింది. ఇంజక్షన్ వచ్చింది, రవ్వ సమయం కంప్యూటర్ చేతికి పోయింది. స్క్రూ తిప్పడం మాత్రమే తెలిసినవాడు రేపు షెడ్డు బయట నిలబడతాడు. రవ్వ ఎందుకు ముందు పడాలో తెలిసినవాడు కొత్త బండి దగ్గర కూడా జబ్బు ఎక్కడుందో వెతుక్కోగలడు.

కనుక దాతలకు మా విన్నపం ఇది. ఆదివారాలు సంఘం హాలులో రెండు గంటలు మేము ఉచితంగా బోధిస్తాం. ఫీలర్ గేజ్‌లు, టైమింగ్ లైటు, ఇంజక్షన్ బండ్లకు ఒక స్కానర్ కావాలి. షెడ్డు పిల్లలకు ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి ఫీజు కట్టాలి. సాయం చేసేటప్పుడు కూడా వరుస మరవొద్దు. నెలనెలా రేషన్ ఇవ్వడం అవసరమే, అది స్లో స్క్రూ. బండి ఆగకుండా చూస్తుంది. టైమింగ్ సరిచేసేది చదువు.

హాజరుపట్టీలో కొట్టేసిన ఆ పేరును ఈ తరగతి పట్టీలో మొదటి వరుసలో రాయాలని మా కోరిక. అల్లాహ్ మన అందరి సేవను స్వీకరించుగాక. ఆమీన్.