ఆగిన బండి ఎందుకు కాగుతుంది?

(చీమకుర్తిలో జరిగిన పాల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు లేచాడంటే వాటాధనం, ఆడిట్ అభ్యంతరాలు, మినిట్స్ పుస్తకం గురించే మాట్లాడతాడని మీరు అనుకొని ఉంటారు. ఈ రోజు వాటిని పక్కన పెట్టి, పాలబండి ఇంజను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. నేను మెకానిక్కును కాను, చదివింది సహకార డిప్లొమా. అయినా ఈ మాట చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది. ఎందుకో ముందు మనవి చేస్తాను.

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘంలో, పేరు అవసరం లేదు, మే నెలలో ఒక పూట పాలు మొత్తం పోయాయి. 16 క్యాన్లు, 640 లీటర్లు. పాలబండి గ్రానైట్ లారీల వరుస వెనక చిక్కుకొని, ఇంజను మరిగి, రెండు గంటలు కదలలేదు. పితికిన పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లబరచకపోతే, ఆ ఎండలో సూక్ష్మజీవులు అరగంట తిరిగేసరికి రెట్టింపవుతాయి. శీతల కేంద్రంలో పాలు కాచి చూస్తే విరిగాయి. డ్రైవరు అజాగ్రత్తే కారణమని కమిటీ తీర్మానించింది. నష్టాన్ని అతని జీతంలో రాబట్టవచ్చునని నివేదిక రాసి సంతకం పెట్టినవాణ్ణి నేనే.

ఆ డ్రైవరు అప్పటికి నెల రోజులుగా ఒకే మాట చెబుతున్నాడు. "సారూ, బండి పరిగెడితే ముల్లు దిగుతోంది, నిలబడితే లేస్తోంది" అని. "రోడ్డు మీద బాగానే ఉంటే ఇంక రోగమేమిటయ్యా?" అని మేమంతా కొట్టిపారేశాం. రోగం ఎక్కడుందో అతను ఆ మాటలోనే చెప్పాడని మాకు తెలియలేదు.

ఇంజను చుట్టూ తిరిగిన నీరు వేడిని మోసుకొచ్చి రేడియేటరులో వదులుతుంది. ఆ వేడిని గాలి తీసుకుపోవాలి. బండి పరిగెడుతుంటే గాలి దానంతట అదే వచ్చి తగులుతుంది. ఆగి ఉంటే ఫ్యాను ఒక్కటే దిక్కు. కళ్ళంలో గాలి వీస్తే తూర్పారబోస్తాం. గాలి లేనినాడు చేటతో విసరాలి. ఆ విసిరే చెయ్యి బలహీనపడితే ఏమవుతుందో అదే ఇక్కడ అవుతుంది. అందుచేత నిలబడినప్పుడు మాత్రమే కాగే బండిలో మొదట గాలి సంగతి చూడాలి. పరుగులోనూ, బరువు మీదా కాగితే నీటి ప్రవాహం సంగతి ముందుగా చూడాలి. ఈ ఒక్క తేడా గుర్తుంచుకుంటే సగం ఖర్చు తప్పుతుంది.

ఇక వరుసగా చూడవలసినవి.

మొదటిది ఫ్యాను. బెల్టుతో తిరిగే ఫ్యానైతే, ఇంజను ఆపి, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కండి. సుమారు అర అంగుళం కంటె ఎక్కువ లోపలికి పోతే బెల్టు వదులైనట్లే. కరెంటు ఫ్యానైతే, ముల్లు లేచేటప్పుడు అది తిరుగుతున్నదో లేదో దూరం నుంచి చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, వేడికి పనిచేసే స్విచ్చి, మోటారు వరుసగా పరీక్ష చేయించండి. ఇంజను ఆపినా ఈ ఫ్యాను హఠాత్తుగా తిరగవచ్చు. చేతులు పెట్టవద్దు.

రెండవది ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు. అది ఉంటేనే ఫ్యాను రేడియేటరు మొత్తం నుంచి గాలి లాగుతుంది. లేకపోతే వేడిగాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది.

మూడవది రేడియేటరు రెక్కలు. మన చీమకుర్తి క్వారీల నల్లరాయి పేరు దేశదేశాలకు పోయింది, దాని దుమ్ము మాత్రం ఇక్కడే ఉండిపోయింది. దానికి పత్తి నూగు, పురుగులు తోడవుతాయి. ఇంజను చల్లారాక, ఇంజను వైపు నుంచి బయటికి, మెల్లటి ధారతో కడగాలి. జోరుగా కొడితే రెక్కలు వంగిపోతాయి.

నాలుగవది నీరు, మూత. నీరు తగ్గినా, పంపు అరిగినా నిలబడిన బండిలో ముందు బయటపడుతుంది. బోరునీరు పోస్తే గొట్టాల్లో గార కడుతుంది. కూలెంటు, శుద్ధమైన నీరు సగం సగం కలిపి పోయడం సాధారణ పద్ధతి. మూతలోని రబ్బరు పాడైతే ఒత్తిడి నిలవక నీరు తొందరగా మరుగుతుంది.

ఇవన్నీ సరిగా ఉండి ఇంకా కాగుతుంటే థర్మోస్టాటు, హెడ్ గ్యాస్కెటు చూపించండి. ఇంజను ఆయిలు పాలు కలిపిన టీ రంగుకు వచ్చిందంటే నీరు కలిసిందని అర్థం. పాలబండిలో పాలరంగు కనబడకూడని చోటు అదొక్కటే! అప్పుడు బండి నడపవద్దు.

ముల్లు ఎర్ర గీత చేరితే ఇంజను ఆపండి. వేడి మీద మూత తిప్పవద్దు, ముఖం కాలుతుంది. కాగిన ఇంజను మీద చన్నీళ్ళు కుమ్మరించవద్దు, లోహం పగులుతుంది. కూలెంటు తియ్యగా ఉండే విషం. దాన్ని పాల క్యాన్లలో ఉంచకండి, పశువులు నీళ్ళు తాగే చోట పారబోయకండి.

ఇప్పుడు ఆ డ్రైవరు సంగతి. తర్వాతి నెల ఆ సంఘం వోచర్లు తిరగేస్తుంటే ఒకటి నా కంటబడింది. "రేడియేటరు దించి, మరమ్మతు చేసి ఎక్కించినందుకు" అని ఉంది. తేదీ చూశాను. అతను మొరపెట్టుకోవడం మొదలుపెట్టింది ఆ వారం నుంచే. వెళ్ళి బండి ముందు భాగం తెరిపించాను. ఫ్యాను తొడుగు లేదు. విప్పినవాళ్ళు తిరిగి బిగించలేదు. అది సంఘం షెడ్డు వెనక, పాత క్యాన్ల మధ్య దొరికింది. నాలుగు బోల్టుల పని. బిగించాక అరగంట ఇంజను నడుపుతూ నిలబెట్టినా ముల్లు కదలలేదు.

నా నివేదిక తప్పని రాతపూర్వకంగా ఇచ్చాను. కమిటీ తీర్మానం రద్దు చేసి, కోసిన జీతం తిరిగి ఇచ్చింది. డబ్బు అందుకుంటూ అతను, "సారూ, అప్పుడే ఒకసారి బానెట్టు ఎత్తి చూసి ఉంటే సరిపోయేది కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుచేత నా విజ్ఞప్తి ఒక్కటే. ప్రతి సంఘం పాలబండికి ఒక పుస్తకం పెట్టండి. డ్రైవరు చెప్పిన లోపాన్ని అతని మాటల్లోనే, ఆ రోజే రాయండి. పక్కన ఏమి చూశారో, ఎవరు చూశారో రాయండి. మరమ్మతు నుంచి వచ్చిన బండిలో విప్పినవన్నీ తిరిగి బిగించారో లేదో చూసుకొని తర్వాతే వోచరు మీద సంతకం పెట్టండి. ఇకమీదట తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకం కంటె ముందు నేను ఆ పుస్తకమే అడుగుతాను.