తరాల నౌకలో నేరం: ఓడలో పుట్టినవాళ్ళ పక్షం

ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాస నిధి ఏర్పడిందో ఆ మాస్టారు లెక్కలు చెప్పేవారు, డిటెక్టివ్ నవలలు విపరీతంగా చదివేవారు. చివరి అధ్యాయం ముందు ఆగి, హంతకుడి పేరు కాగితం మీద రాసిపెట్టుకుని, ఆ తర్వాతే పేజీ తిప్పేవారు. ఆయన పాండిత్యం గురించి పెద్దలు ఇప్పటికే చెప్పారు. వక్తకు బాగా గుర్తున్నవి ఆ కాగితాలు. అలాంటి పాఠకుడి పేరిట జరిగే సభలో, ఎంతోకాలంగా నడుస్తున్న ఒక వాదాన్ని తేల్చుకోవడమే సబబు.

నక్షత్రాలకు ప్రయాణం ఒక జీవితకాలంలో పూర్తికాదు కాబట్టి, తరతరాలు ఓడలోనే పుట్టి పెరిగి కన్నుమూయాలన్న ఊహ పాతదే. త్సియోల్కోవ్‌స్కీ 1928లోనూ, జె.డి. బెర్నల్ 1929లోనూ దాన్ని చర్చించారు. 1941లో హైన్‌లైన్ ‘యూనివర్స్’తో అది కథల్లో స్థిరపడింది. ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వాయేజర్-1 వేగంతో అంత దూరం వెళ్ళాలంటే 70 వేల ఏళ్ళు దాటుతుంది. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు.

పేచీ బెత్ రెవిస్ 2011లో ప్రచురించిన ‘అక్రాస్ ది యూనివర్స్’ దగ్గర మొదలవుతుంది. పదిహేడేళ్ళ ఎమీని తల్లిదండ్రులతోపాటు శీతలపేటికలో నిద్రపుచ్చి ‘గాడ్‌స్పీడ్’ ఓడ ఎక్కిస్తారు. గమ్యం చేరడానికి యాభై ఏళ్ళ ముందే ఆమె పేటిక విప్పేస్తారు. ఎమీ బతికి బయటపడుతుంది. ఆ తర్వాత పేటికల్లో ఉన్న మరికొందరు చనిపోతారు. కాబోయే నాయకుడు, పదహారేళ్ళ ఎల్డర్, ఆమెతో కలిసి ఆరా తీస్తాడు.

ఇది టీనేజ్ పాఠకుల మార్కెట్ కోసం కట్టిన కథేననీ, నాయికా నాయకుల వయసు ఎంతైనా కథ మారదనీ కొందరు విమర్శకులు అంటారు. హత్యలు ఉత్త ఎర అనీ, హంతకుణ్ణి ముందే పసిగట్టవచ్చనీ కూడా అంటారు. రెండు మాటలూ తప్పే.

ముందు హత్యల సంగతి. సైన్స్ ఫిక్షన్‌లో అసలైన మిస్టరీ అసాధ్యమని సంపాదకుడు జాన్ కాంప్‌బెల్ వాదించేవాడని అసిమోవ్ రాశాడు. భవిష్యత్తు యంత్రాల పరిమితులను పాఠకుడికి ముందే చెబితే చాలని అసిమోవ్ జవాబు. 1954లో వచ్చిన ఆయన నవల ‘ది కేవ్స్ ఆఫ్ స్టీల్’ ఆ జవాబుకు రుజువు. రెవిస్ ఈ నియమాన్ని పాటిస్తూనే ఇంకో అడుగు వేసింది. చంపింది ఎవరన్నదానికంటే, సైనిక శిక్షణ ఉన్నవాళ్ళనే ఎందుకు ఎంచుకున్నారన్నది అసలు చిక్కు. గమ్యం చేరాక పేటికల్లోని వాళ్ళు ఓడలో పుట్టినవాళ్ళను బానిసలుగానో సైనికులుగానో వాడుకుంటారని హంతకుడు ఒరయన్ భయం. నీళ్ళలో ఫైడస్ మందు కలిపి జనాన్ని మెత్తబరిచి, చరిత్రను తిరగరాసిన పాలన ఆ భయాన్ని పెంచింది. హత్య వెనక దారి పట్టుకుని వెళితే ఓడ దాచిన అబద్ధం తగులుతుంది. ఒరయన్‌ను ముందే ఊహించిన పాఠకుడు సైతం, ఎమీ పేటిక విప్పింది ఎల్డరే అని తెలిసి ఉలిక్కిపడతాడు.

ఇక వయసు. ఓడ ఎక్కిన తరం ఇష్టపడి ఎక్కింది. ఓడలో పుట్టినవాళ్ళను ఎవరూ అడగలేదు. పెద్దయ్యేసరికి వాళ్ళకూ ఒక పదవి, ఒక సంసారం ఏర్పడి, అబద్ధంలో వాటా వస్తుంది. ప్రశ్నించే తెలివి వచ్చి, ఆ వాటా ఇంకా చేతికి రాని వయసు కౌమారమే. అలెక్సీ పాన్షిన్ ‘రైట్ ఆఫ్ పాసేజ్’ (1968) కూడా ఇదే చూపింది. పద్నాలుగేళ్ళ మియా హావెరోను పరీక్ష కోసం నెలరోజులు ఒక గ్రహం మీద వదిలేస్తారు. తిరిగొచ్చాక, తన పెద్దల నీతిని ఆమె మునుపటిలా నమ్మలేకపోతుంది.

ఎదురుపక్షానికి గట్టి సాక్ష్యం బ్రయన్ ఆల్డిస్ ‘నాన్-స్టాప్’ (1958). అందులో నిజం కనిపెట్టే రాయ్ కంప్లెయిన్ ఎదిగిన మనిషే. ఓడ ఎప్పుడో భూమి కక్ష్యకు తిరిగొచ్చిందని, ఆ సంగతి భూమివాళ్ళు దాచారని అతను తెలుసుకుంటాడు. అయితే అక్కడ మోసం బయటివాళ్ళది, కంప్లెయిన్‌కు అందులో వారసత్వం లేదు. ఎల్డర్‌కు ఉంది. నాయకత్వంతోపాటు ఫైడస్ కుళాయి కూడా అతని చేతికి రావాలి. ఆ కుర్రవాడికి ముప్పై ఏళ్ళు వేస్తే ఈ కథ కూలిపోతుంది.

ఓడలో పుట్టినవాళ్ళ తరఫున నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్ననే శాస్త్రజ్ఞుల లెక్కలు కూడా లేపుతాయి. వాయేజర్ కంటే వేగంగా వెళ్ళి ప్రాక్సిమా-బి గ్రహం చేరే 6,300 ఏళ్ళ ప్రయాణానికి కనీసం 98 మంది చాలని ఫ్రెడెరిక్ మారిన్, కమీల్ బెలుఫీ 2018లో అంచనా కట్టారు. అంతకుముందు కామెరాన్ స్మిత్ వేల సంఖ్యలో మనుషులు కావాలన్నాడు. మారిన్ బృందం లెక్క నిలబడాలంటే జననాలను నియంత్రించే నియమాలు తరతరాలూ అమలు కావాలి. అంటే పిల్లల్ని ఎప్పుడు కనాలో, ఎందరిని కనాలో బయలుదేరినవాళ్ళు రాసిన నియమం పుట్టబోయేవాళ్ళకు చెబుతుంది.

వక్త ఇప్పుడు హైస్కూలు పిల్లల కోసం తెలుగులో రాస్తున్న నవల ఇక్కడే మొదలైంది. అందులో నీటి ఖాతా చూసే ఒక అమ్మాయికి రోజూ ఒక మనిషి వాడేంత నీరు ఎక్కువ ఖర్చవుతున్నట్టు కనిపిస్తుంది. జాబితాలో లేని ఆ మనిషి, అనుమతి లేకుండా పుట్టిన బిడ్డ. దాచిన తల్లిని విచారణకు పిలుస్తారు. ఆ అధ్యాయమే ఇంకా పూర్తికావలసి ఉంది. భూమి మీద రాసిన చట్టాన్ని మార్చే హక్కు ఓడలో పుట్టినవాళ్ళదేనని అమ్మాయి వాదిస్తుంది, విచారణ జరిపే సభ ఒప్పుకోదు. వక్త ఆ అమ్మాయి పక్షాన ఉన్నాడు. ఓడ గాలి, నీళ్ళు, తిండి కొలతలతో సహా ఆమె వాదాన్ని నిలబెట్టడమే ఇప్పుడు ఆయన చేస్తున్న పని.