అమ్మబోతే అడవి: మాంచెస్టర్ యునైటెడ్ తన ప్లేయర్లను ఎందుకు అమ్మలేకపోయింది?

ఈరోజు గోల్స్ కాదు, లెక్కలు మాట్లాడుకుందాం. భయపడకండి, ఈఎంఐ కట్టినవాళ్లకి ఈజీగా అర్థమవుతుంది.

2025 సమ్మర్. యునైటెడ్ ప్రీమియర్ లీగ్‌లో 15వ స్థానంలో సీజన్ ముగించింది. యూరోపా లీగ్ ఫైనల్ టాటెన్‌హామ్ చేతిలో ఓడింది. అంటే తర్వాతి సీజన్‌కి యూరప్ మ్యాచ్‌లు లేవు, ఆ డబ్బులూ లేవు. కోచ్ అమోరిమ్‌కేమో కొత్త టీమ్ కావాలి. సో ఐదుగురిని పక్కన పెట్టేశారు: రాష్‌ఫోర్డ్, గార్నాచో, సాంచో, ఆంటొనీ, మలాసియా. వేరే క్లబ్ చూసుకోండి అన్నారు, ట్రైనింగ్ కూడా విడిగానే.

ఇక్కడే దెబ్బ పడింది. అప్పు తీర్చడానికి పొలం అమ్ముతున్నాడని ఊరంతా తెలిశాక రేటు ఎవరిస్తారు చెప్పండి? కొనేవాళ్లు విండో చివరి రోజు దాకా ఆగారు.

ఇంకోటి, ప్లేయర్ ఒప్పుకోవాలి. మన ఐటీలో అయితే మీటింగ్ రూమ్‌కి పిలిచి ల్యాప్‌టాప్ తీసేసుకుంటారు, అయిపోయింది. ఫుట్‌బాల్‌లో అలా కుదరదు. కాంట్రాక్ట్ ఉన్నన్నాళ్లూ ఆడినా ఆడకపోయినా జీతం పడాల్సిందే. సాంచోనే చూడండి. 2021లో 7.3 కోట్ల పౌండ్లకు కొన్నారు. తర్వాత డార్ట్‌మండ్‌కి లోన్, చెల్సీకి లోన్. చెల్సీ అయితే కొనకుండా వదిలేయడానికి 50 లక్షల పౌండ్లు ఎదురు కట్టింది! చివరికి ఆస్టన్ విల్లాకి మళ్లీ లోనే. మలాసియా విండో మూశాక కూడా అక్కడే ఉన్నాడు.

ఇప్పుడు ఆంటొనీ. 2022లో సుమారు 9.5 కోట్ల యూరోలు, ఐదేళ్ల కాంట్రాక్ట్. అకౌంట్స్‌లో ఆ ఖర్చుని ఏడాదికి 1.9 కోట్లు చొప్పున పంచుతారు. మూడేళ్లయ్యాక పుస్తకాల్లో ఇంకా 3.8 కోట్లు మిగిలి ఉంటుంది. బెటిస్ ఇచ్చింది దాదాపు 2.2 కోట్లు. అంటే అమ్మాక కూడా నష్టమే రాసుకోవాలి. అప్పటి ప్రీమియర్ లీగ్ రూల్ ప్రకారం మూడేళ్లలో నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు కాబట్టి, ఇది ఉత్త కాగితం లెక్క అనుకోవద్దు.

మరి లాభం ఎక్కడ? అకాడమీ పిల్లల్లో. వాళ్లని కొనలేదు కాబట్టి పుస్తకాల్లో విలువ సున్నా. ఎంతకి అమ్మితే అంతా లాభమే. గార్నాచోని కూడా అట్లెటికో నుంచి చిన్న వయసులో చాలా తక్కువకి తెచ్చుకున్నారు. చెల్సీ 4 కోట్ల పౌండ్లు ఇచ్చింది, దాదాపు మొత్తం లాభం.

నాకు కడుపు మండేది ఇక్కడే. క్లబ్‌కి అక్కర్లేనివాళ్లు అమ్ముడుపోరు, అందుకని పెంచుకున్న పిల్లల్ని అమ్ముతారు. మెక్‌టామినే గుర్తున్నాడా? చిన్నప్పటి నుంచీ యునైటెడ్‌లోనే పెరిగాడు. 2024లో సుమారు 2.5 కోట్ల పౌండ్లకు నాపోలీకి ఇచ్చేశారు. మొదటి సీజన్‌లోనే నాపోలీ లీగ్ గెలిచింది, సిరీ ఆ బెస్ట్ ప్లేయర్ అతనే అయ్యాడు. పుస్తకాల్లో మాత్రం అది సూపర్ డీల్.

ఇప్పుడు రాష్‌ఫోర్డ్ వంతు. ఏడేళ్ల వయసులో అకాడమీకి వచ్చిన కుర్రాడు, 2025 సమ్మర్‌లో బార్సిలోనాకి లోన్ మీద వెళ్లాడు. కావాలంటే కొనుక్కునే ఆప్షన్ ఆ డీల్‌లో వాళ్లకి ఇచ్చారు. కొన్నారా, ప్రతి యూరో లాభమే. ఆంటొనీ మీద తగిలిన బొక్క రాష్‌ఫోర్డ్‌తో పూడుతుంది.