వాద్యబృందనాయకుల పరీక్ష



కండక్టరు అను మాట చెవిని బడగానే మనలో పెక్కుమందికి బస్సులో టిక్కెట్లిచ్చు మనిషి స్ఫురించును. నేడు నేను మనవి చేయబోవు కండక్టరు వేఱు. పాశ్చాత్యదేశములందు ఎనుబదిమందియో నూఱుమందియో విద్వాంసులు ఒక్క వేదికపై కూర్చుండి వాయించుచుండగా, వారికెదురుగా, సభకు వీపు పెట్టి, చేత సన్నని పుల్ల పట్టుకొని నిలుచువాడు. ఆ విద్వాంసుల సమూహమును ఆర్కెస్ట్రా అందురు. మనము దానిని వాద్యబృందమనియు, ఆ నిలుచువానిని నాయకుడనియు వ్యవహరింతము. ఆ వేదికపై ధ్వని చేయనివాడు అతడొక్కడే. ఐనను మెప్పు వచ్చినను, తప్పు వచ్చినను ముందుగా అతనికే చెందును.

ఇట్టి నాయకులలో పిన్నవయస్కులకు పోటీలు పెట్టి బహుమానము లిచ్చుట యొక ఆచారమైనది. గాయకునకు పోటీ పెట్టవచ్చును. అతడు పాడును, మనము విందుము. వైణికునకును పెట్టవచ్చును. నోరు మెదపక, తీగ మీటక నిలిచియుండువానిని ఏ కొలతతో కొలుతురు? ఈ ప్రశ్నయే నేటి నా ప్రసంగమునకు విషయము.

మొదట నాయకుడేల కావలసెనో చెప్పవలెను. మన కచేరీలో గాయకుడొక రాగమునెత్తుకొనును, వయొలిను అతనిననుసరించును, మృదంగము లయను నిలబెట్టును. అందఱును నడచు బాట యొక్కటే కనుక చూపులు కలిసిన చాలును. పాశ్చాత్యుల బృందసంగీతము అట్లు కాదు. ఏకకాలమున ఒక వరుసవారొక స్వరక్రమమును, వేఱొక వరుసవారు మఱొక స్వరక్రమమును వాయింతురు. అవి యన్నియు కూడినగాని రచన పూర్తి కాదు. ఒక్కొక్కని యెదుట అతని భాగము మాత్రమే వ్రాసియుండును. అన్ని భాగములు గల గ్రంథము నాయకుని యెదుట నుండును. అనగా, ఎవరికివారు తమ పద్యమును చదువుచుండగా, కావ్యమంతయు తెలిసినవాడు అతడొక్కడన్నమాట.

పూర్వమీ నాయకత్వము మిక్కిలి మోటుగా నుండెడిది. ఫ్రాన్సు రాజసభలో లుల్లీ అను విద్వాంసుడు పెద్ద దండముతో నేలను పొడుచుచు తాళము వేసెడివాడు. 1687 లో ఆ దండము అతని కాలికే తగిలి, గాయము కుళ్ళి, అతడు మరణించెను. కాలక్రమమున ఆ దండము సన్నగిల్లి నేటి పుల్లయైనది. మా బడులలోని బెత్తమునకు మాత్రము ఇట్టి వికాసము చాలకాలము కలుగలేదు.

నాయకుల పోటీలలో మిగుల ప్రసిద్ధమైనది ఫ్రాన్సుదేశమున, స్విట్జర్లాండు సరిహద్దునకు సమీపమున, బెజాన్సోన్ నగరమున జరుగునది. విక్టర్ హ్యూగో మహాకవి 1802 లో జన్మించిన ఊరది. అచ్చట 1948 లో సంగీతోత్సవమును నెలకొల్పిరి. 1951 లో దానికి యువనాయకుల పోటీని చేర్చిరి. అటుపిమ్మట డెన్మార్కుదేశపు కోపెన్‌హాగెన్ నగరమున 1965 లో నికొలాయ్ మాల్కో పేరను, జర్మనీలోని బాంబెర్గులో 2004 లో గుస్తావ్ మాలర్ పేరను ఇట్టి పోటీలు వెలసినవి.

పరీక్ష యెట్లు జరుగును? అభ్యర్థి మునుపెన్నడు నెఱుగని బృందము నెదుట నిలువవలెను. కొలది నిమిషముల గడువులో ఒక రచనను వాయింపించి, దోషమున్నచోట ఆపి, రెండు మూడు మాటలలో సవరించి, మరల వాయింపింపవలెను. ఆ కూర్చున్నవారిలో అతని వయసుకంటె ఎక్కువ యేండ్లు వాయించినవారుందురు. పెక్కు మాటలాడినచో వారు విసుగుదురు. మాటలాడకున్నచో దోషము నిలిచిపోవును. ఒక్కొకచోట వాయించువారి ప్రతులలో పరీక్షకులు కావలెనని తప్పులు చొప్పింతురు. అంతటి నాదసముద్రములో ఏ వాద్యమున ఏ స్వరము తప్పినదో నాయకుడు చెవితోనే పట్టవలెను. మన అవధాని పద్యము కట్టుచునే గంటలెన్ని మ్రోగినవో లెక్కించునుగదా! ఇదియు అట్టి ధారణయే. కనుక కొలుచునది మొదట చెవిని. పిదప ఇతరుల మనస్సును తనవైపు త్రిప్పుకొను నేర్పును.

బడిలో చిరకాలము పనిచేసినవాడనగుటచే ఈ కొలత నాకు వింతగా తోచదు. పాఠము చూడవచ్చిన పరీక్షాధికారి ఉపాధ్యాయుని పాండిత్యమును అతని నోట వినిన చాలదు. పిల్లల నోట వినవలెను. పరుల కంఠమున పలుకునదే ఉపాధ్యాయుని విద్య. నాయకుని విద్యయు నట్టిదే.

సంగీతము సరస్వతీప్రసాదముగదా, దానికి పందెమేలయని కొందఱడుగవచ్చును. వీణ నేర్చువానికి వీణ యింటనుండును. రాత్రింబవళ్ళు సాధన చేసికొనవచ్చును. నాయకుని వాద్యమో, ఎనుబదిమంది మనుష్యులు! ఏ పేద యువకుడు ఎనుబదిమందిని ఇంటికి పిలిపించుకొని సాధన చేయగలడు? విద్య యున్నను దానిని చూపుటకు తావు లేదు. పోటీ అతనికి ఆ వాద్యమును కొన్ని నిమిషములు ఎరువిచ్చును. నా దృష్టిలో బహుమానముకంటె ఈ ఎరువే గొప్పది. ఓడినవానికిని అది దక్కును. స్త్రీలకీ వేదిక చిరకాలము అందనిదై యుండెను. వారికొఱకు 2020 లో పారిస్ నగరమున లా మాయెస్ట్రా అను ప్రత్యేకమైన పోటీ నారంభించిరి.

ఈ ఎరువు ఎట్టి ఫలమిచ్చునో ఇద్దఱి చరిత్ర చెప్పును. మొదటివాడు మనదేశీయుడు, జుబిన్ మెహతా. 1936 లో బొంబాయిలో పార్సీకుటుంబమున జన్మించెను. వయొలిను విద్వాంసుడైన తండ్రి మెహ్లీ మెహతా బొంబాయిలో వాద్యబృందమును స్థాపించినవాడు. కుమారుడు 1954 లో వియన్నాకు పోయి హన్స్ స్వరోవ్‌స్కీ యొద్ద అభ్యసించి, 1958 లో ఇంగ్లండులోని లివర్‌పూలు పోటీలో ప్రథముడై, అచ్చటి బృందమునకు ఏడాది సహాయనాయకుడయ్యెను. తరువాత లాస్ ఏంజెలెస్, న్యూయార్కు బృందములను నడిపెను.

రెండవవాడు జపాను దేశీయుడు, సెయ్‌జీ ఒజావా. పియానో నేర్చుచు, ఆటలో వ్రేళ్ళు దెబ్బతిని, హిదెయో సయితో అను గురువు నాశ్రయించి నాయకవిద్య నభ్యసించెను. 1959 లో సరకుల ఓడలో ఒక స్కూటరు వేసికొని ఫ్రాన్సు చేరెను. బెజాన్సోన్ పోటీకి దరఖాస్తు గడువు దాటిపోయెను. అమెరికా రాయబార కార్యాలయమువారి తోడ్పాటున ఎట్లో ప్రవేశము దొరికెను. ఇరువదినాలుగేండ్ల ఆ యువకుడే ప్రథముడయ్యెను. 1960 లో అమెరికాకు ఆహ్వానము వచ్చెను; 1961 లో న్యూయార్కు బృందమున సహాయనాయకుడయ్యెను.

ఇంతటితో కథ ముగిసిన బాగుండును. కాని 1962 లో అతడు స్వదేశమునకు వచ్చి ఎన్.హెచ్.కె. వాద్యబృందమును నడుపుచుండగా, ఆ విద్వాంసులు అతని తీరు తమకు సరిపడదని, అతని క్రింద వాయింపమని నిరాకరించిరి. పరదేశమున పరులను మెప్పించి గెలిచినవానికి స్వదేశమున బృందము కరవయ్యెను! బహుమానము ద్వారమును తెఱచునేగాని, లోపలివారి హృదయమును తెఱువదు. దానికి ఏండ్లు పట్టును. అతడు మరల విదేశములకు పోయి, 1973 మొదలు 2002 వఱకు బోస్టన్ బృందమునకు సంగీతదర్శకుడై యుండెను. 1984 లో సతీర్థ్యులను కూర్చి గురువు పేర సయితో స్మారక వాద్యబృందమును నెలకొల్పెను. 1995 లో, ముప్పదిరెండేండ్లకు, ఎన్.హెచ్.కె. బృందము నెదుట తిరిగి నిలిచెను. 2024 లో దివంగతుడయ్యెను. బెజాన్సోన్‌లో గెలిచినది ఆతని చెవి. 1995 లో గెలిచినది ఆతని ఓర్పు. రెండవదానిని కొలుచు పోటీ యెక్కడను లేదు.

మనకును బృందవాద్యము క్రొత్త కాదు. ఆకాశవాణి 1952 లో ఢిల్లీలో వాద్యవృందమును ఏర్పఱచెను. ద్రాక్షారామమున పుట్టిన వైణికశిఖామణి ఈమని శంకరశాస్త్రిగారు తరువాత దానికి నిర్దేశకులైరి. మన పిల్లలలోను బృందమును నడుపగల చెవులు ఉండకపోవు. పండుగనాడు బడిలో పదిమంది వాయించునపుడు, ఎదుట నిలుచు పనిని పెద్దలే చేయక, ఒక బాలునకో బాలికకో అప్పగించి చూడుడు. తాళము తప్పినను కొంతసేపు ఓర్చుకొనుడు. ఆ కొన్ని నిమిషములే వారికి మనమీయగల ఎరువు.