నిమిషంలో తేలే పరీక్ష

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే పరీక్ష ఒకటుంది. నర్సు పలచని అసిటిక్ యాసిడ్‌లో తడిపిన దూదిని గర్భాశయ ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చోటు గులాబీ రంగులోనే ఉంటుంది. కణాలు మారుతున్న చోట తెల్లటి మచ్చ తేలుతుంది. ల్యాబ్ అక్కర్లేదు, ఫలితం అక్కడికక్కడే.

ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో ఈ పరీక్ష చేసింది డాక్టర్లు కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు. ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి.

మరి మన దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ క్యాన్సర్‌కు ఒక్కసారైనా పరీక్ష చేయించుకున్నది ఎందరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1.9 శాతమే. తమిళనాడులో మాత్రం 9.8. అదీ చాలదనుకోండి, కానీ తేడా చూడండి.

నొప్పి లేనిదే ఆడవాళ్లు ఆసుపత్రికి రారని నెపం వాళ్ల మీదకే నెడతారు. నేనొప్పుకోను. గదికి తలుపు, బల్లకు అడ్డంగా తెర, పరీక్ష నేర్చిన నర్సు, ఈ మూడూ లేని కేంద్రానికి కూలి పోగొట్టుకుని ఎవరొస్తారు? వచ్చినా, మచ్చ కనిపిస్తే జిల్లా ఆసుపత్రికి చీటీ రాసిచ్చి ఊరుకుంటే ఆవిడ బస్సు ఛార్జీ ఎవరిస్తారు? తోడు ఎవరు వెళతారు?

ముప్పై దాటినవాళ్లు ఐదేళ్లకోసారి ఈ పరీక్ష చేయించుకోవాలి. మీ దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏ రోజు చేస్తారో ఆశా కార్యకర్తను అడగండి. చేయడం లేదంటే, ఎందుకని వైద్యాధికారినే అడగండి.